ముప్పై దినాల్లో నవల: పూతలపట్టు పద్ధతి

నవల రాయాలనుకునేవాడికి మొట్టమొదట కావలసింది కథ కాదు, ఇంట్లోవాళ్ళకు చెప్పుకోదగ్గ కారణం. ‘నాకు రాయాలనుంది’ అంటే పూతలపట్టులో ఎవరూ ఒప్పుకోరు. ‘పోటీ ఉంది, గడువుంది’ అన్నారనుకోండి, కొంచెం మర్యాద దొరుకుతుంది. పోటీ అన్నాక పాసైతే ఉద్యోగమో, ఉన్న ఉద్యోగంలో ప్రమోషనో వస్తుందని పెద్దవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అనుకుంటారు. ఆ అపోహను పోగొట్టకండి. మొదటి వారం గడిచేది దాని పుణ్యానే.

గడువు మీరు సొంతంగా కనిపెట్టనక్కర్లేదు, అమెరికావాళ్ళు ఎప్పుడో కనిపెట్టి పెట్టారు. 1999 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే ఆయన, ఆయన స్నేహితులు కలిసి 21 మంది, నెల తిరిగేలోగా తలా ఒక నవల రాసి తీరాలని పందెం వేసుకున్నారు. 50,000 పదాలు, 30 రోజులు. రోజుకు 1,667. జడ్జీ లేడు, ప్రైజు లేదు, చదివేవాడు అసలే లేడు. మరుసటి ఏడు దాన్ని నవంబరుకు మార్చారు. ఎందుకయ్యా అంటే ఆ నెలలో అక్కడ వాతావరణం దిక్కుమాలినదట, జనం గడప దాటరట, దాటనివాళ్ళు కూర్చుని రాస్తారట. ఆ లెక్క ఫలించింది. ఏటా దేశదేశాల నుంచి జనం అందులో చేరుతూ వచ్చారు. చివరికి దాన్ని నడిపిన సంస్థే 2025 మార్చిలో మూసేస్తున్నామని ప్రకటించింది. మీకు అది మరీ మంచిది. నడిపేవాడే లేని పోటీలో ఓడిపోవడం చాలా కష్టం.

ఇక నవంబరు సంగతి. అక్కడ వాన పడితే మనిషి ఇంట్లో కూర్చుంటాడు. ఇక్కడ వాన పడితే మనిషి బయటికి పరిగెత్తుతాడు. ఈశాన్య రుతుపవనాలు మన చిత్తూరు జిల్లాకు విదిల్చే నాలుగు వానలూ ఈ రోజుల్లోనే. బంగాళాఖాతంలో వాయుగుండం అనే మాట టీవీలో వినబడగానే కొట్టంలో ఆవుల కిందికి నీళ్ళొస్తాయి, చెరకు తోట పక్కకు వాలుతుంది, కరెంటు పోతుంది. చెరువు నిండి మొరవ పోతా ఉందంటే కట్ట మీదికి ఊరు ఊరంతా కదులుతుంది. అలాంటి రోజున ఇంట్లో కూర్చుని రాసేవాడికి ఒంట్లో బాగాలేదనుకుంటారు. పైగా కార్తీక మాసం. తిరుచానూరు బ్రహ్మోత్సవాలు, పంచమీతీర్థం, దీపాలు, ఆపైన పెళ్ళిళ్ళు. పెళ్ళికి రానందుకు ‘నవల రాస్తున్నాను’ అని చెప్పిన మేనమామను ఏ అక్కా క్షమించదు.

మరి వేరే నెల చూసుకుంటే? జూన్, జూలైల్లో తోతాపురి మామిడి కోత. 2025లో జ్యూస్ ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు రోజులకు రోజులు వరస కట్టినప్పుడు రైతుల దగ్గర ఉన్నదంతా తీరికే. కాగితం పెన్నూ ఉంటే ఎన్ని వేల పదాలైనా పడేవి. కాకపోతే ఆ వరసలో మొదలుపెట్టిన ఏ నవలైనా మూడో పేజీకల్లా ధర దగ్గరికొచ్చి ఆగిపోతుంది. సంక్రాంతి వస్తే బెల్లం గానుగలు. ఎండాకాలం వస్తే తిరుపతి దర్శనానికి వచ్చే చుట్టాలు, మధ్యలో మన ఇల్లు. అందువల్ల నవంబరే ఖాయం చేసుకోండి. ఏ నెలా కుదరనప్పుడు ఏ నెలైనా ఒకటే.

ఈ గైడు ఎవరికంటే: పూతలపట్టులో ఇల్లు, చిత్తూరులో ఉద్యోగం, రెండు జెర్సీ ఆవులు, ఎకరా చెరకు, ఇద్దరు పిల్లలు ఉన్న మగవాళ్ళకు. ఆడవాళ్ళ సంగతి చివర్లో వస్తుంది, అలవాటు ప్రకారం.

రోజును ముక్కలు చేయండి. తెల్లవారుజామున పాలు పితికి క్యాను పట్టుకుని పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడతారు. అక్కడ ఒక వంద పదాలు. చిత్తూరు బస్సులో అరగంట పైచిలుకు. సీటు దొరికితే రెండు వందలు, నిలబడితే ఒక పాత్రకు పేరు. తిరుపతి రోడ్డూ కర్నూలు రోడ్డూ కలిసే ఊరు కాబట్టి బస్సుల కొరత లేదు, బస్సులో సంభాషణలకు అసలే లేదు. వెనక సీట్లో భూమి తగాదా నడుస్తుంటే సొంతంగా కల్పించే అవస్థ దేనికి? చెవి అటు వేసి రాసుకోండి. ఆఫీసులో మధ్యాహ్నం మూడు వందలు; ఫైలు ముందేసుకుని రాస్తే అదీ ఫైలు పనే అనుకుంటారు. సాయంత్రం మళ్ళీ పాలు, మళ్ళీ వరస, మళ్ళీ వంద. కూడితే ఏడెనిమిది వందలకు మించదు. మిగతావి రాత్రి పిల్లలు పడుకున్నాక. అప్పటికి మీరూ పడుకుని ఉంటారు.

లెక్క కుదరడం లేదని దిగులుపడకండి. పాలకేంద్రంలో లీటర్లొక్కటే చూసి డబ్బిచ్చే రోజులుంటే మన వీధిలో అందరూ కోటీశ్వరులే. అక్కడ ఫ్యాట్ రీడింగు అనే దుర్మార్గపు పరికరం ఒకటుంది, కలిపిన నీళ్ళు కలిపినట్టే పట్టేస్తుంది. నవలల పోటీలో అది లేదు. లీటర్లే లెక్క. కాబట్టి ధైర్యంగా కలపండి. వాన కురిసిందని మూడు మాటల్లో చెప్పేదాన్ని మూడు పేజీలు కురిపించండి. తెలుగు మనకొక శాపం పెట్టింది, ‘వెళ్ళలేకపోతున్నాననుకున్నాడు’ అంత పొడుగు రాసినా కంప్యూటరు దాన్ని ఒక్క పదంగానే లెక్కేస్తుంది. మధ్యమధ్య ఖాళీలు వదలండి. ఒక్క వాక్యానికి నాలుగు పదాలు లాభం. అచ్చుకు పోయేముందు మళ్ళీ కలిపేయొచ్చు, అంతదాకా వస్తే.

ఒట్టు పెట్టుకోవాలనిపిస్తే మాత్రం జాగ్రత్త. కాణిపాకం దగ్గరే కదా, వరసిద్ధి వినాయకుడి ముందు రోజుకు 1,667 పదాలని ప్రమాణం చేసేస్తే పోలా అనుకోకండి. అక్కడ తప్పుడు ప్రమాణం చేసినవాడికి ఏమవుతుందో జిల్లాలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. రాజకీయ నాయకులు సైతం ‘కాణిపాకం వస్తావా?’ అని సవాలు విసిరి ఊరుకుంటారు గానీ కారెక్కడానికి వెనకాడతారు. ప్రమాణాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోండి. ఇరవై నాలుగు గంటల్లో అదే మాయమవుతుంది.

వినాయకుడి గుడికి వెళ్ళినప్పుడు ఇంకో సంగతి ఆలోచించండి. వ్యాసుడు భారతం చెబుతుంటే రాసింది వినాయకుడే అంటారు. ఆపకుండా చెబితేనే రాస్తానని ఆయన షరతు; అర్థం చేసుకున్నాకే రాయాలని వ్యాసుడి ఎదురు షరతు. మధ్యమధ్యలో చిక్కు శ్లోకం ఒకటి పడేస్తే ఆయన ఆలోచించే లోపల ఈయనకు కాస్త ఊపిరి. ఈ కథలో పద్ధతి ఏమిటంటే, చెప్పేవాడు ఒకడు, రాసేవాడు వేరొకడు.

తెలుగు నవలలోనూ అదే పద్ధతి పనిచేసింది. నెలలో నవల అనేది అమెరికావాళ్ళు కనిపెట్టారనుకునేవాళ్ళు విశ్వనాథ సత్యనారాయణను తలుచుకోవాలి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెడితే ‘వేయిపడగలు’ అంతా 29 రోజుల్లో పూర్తిచేశారని ప్రతీతి. ఇది 1934 నాటి మాట. వెయ్యి పేజీలకు అటూఇటూ ఉండే పుస్తకం. బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి పంచుకుంది. మన 50,000 పదాలు అందులో ఒక మూలకు సరిపోతాయి. రహస్యం ఏమిటంటారా? ఆయన ఆశువుగా చెబుతూ పోయారు, తమ్ముడు వెంకటేశ్వర్లు రాస్తూ పోయారు. ముప్పయ్యో రోజు మిగిలిపోయింది కూడా. తర్వాత ఆ మహా గ్రంథాన్ని పి.వి. నరసింహారావు హిందీలోకి ‘సహస్రఫణ్’గా తెచ్చారు, అదీ 1960లలో, రాష్ట్రంలో మంత్రిగా ఉన్న కాలంలో. మంత్రి పదవి ఉన్నవాళ్ళకు తీరిక దొరుకుతుంది. పాడి ఉన్నవాళ్ళకు దొరకదు.

ఉద్యోగస్తులు మరీ నిరాశ పడకుండా ఒక మాట. తెలుగులో తొలి నవలగా చాలామంది లెక్కగట్టే ‘శ్రీరంగరాజ చరిత్ర’ను 1872లో వెలువరించిన నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాయలసీమ ఉద్యోగే, కర్నూలులో డిప్యూటీ కలెక్టరు. డిప్యూటీ కలెక్టరు అయితే పాలు ఇంటికే వస్తాయన్నది వేరే విషయం.

కాబట్టి మీరూ ఒక తమ్ముణ్ణి వెతుక్కోండి. మీ తమ్ముడు బెంగళూరులో ఉన్నాడు, శనివారం ఫోన్ చేస్తాడు. పిల్లవాడికి చెబుదామంటే వాడికి రాయడం ఇస్కూల్లోనే విసుగు. మిగిలింది ఫోనులో నోటితో చెబితే రాసిపెట్టే సౌకర్యం. దానికి మన మాటలు పడవు. ‘యాడికి బోతాండావు’ అంటే అది తెలుగేనా అని అనుమానిస్తుంది. ‘ఉండాది’ అంటే ‘ఉంది’ అని దిద్దిపెడుతుంది. నవలలో మీ పెద్దాయన పాత్ర రేడియో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంటే తప్పు మీది కాదని ముందుమాటలో రాసుకోవచ్చు.

అసలు మాట్లాడాల్సింది కేశవరెడ్డి గురించి. ఎక్కడో కాదు, ఇక్కడే తలుపులపల్లెలో 1946లో పుట్టిన మనిషి. ‘మునెమ్మ’, ‘మూగవాని పిల్లనగ్రోవి’, ‘చివరి గుడిసె’ రాసినాయన. ఆయన తీరికగా కూర్చున్న మనిషి కాదు. వృత్తికి డాక్టరు, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి కుష్ఠు రోగులకు వైద్యం చేశారు. అంత దూరాన ఉండి మన చిత్తూరు మాటనే రాశారు. ఇందులోంచి పాఠకుడు తీసుకోవలసిన సలహా స్పష్టంగానే ఉంది: ముందు ఊరు వదలండి. ఊళ్ళోనే ఉంటే ఊరి గురించి రాయనీయరు. నాలుగు పదాలు రాయగానే కాంపౌండు గోడ మీదినుంచి తల ఒకటి లేస్తుంది.

“ఏం నాయినా, నవల రాస్తా ఉండావంటనే?”

“ఊఁ, రాస్తా ఉండా మామా.”

“ఎంతిస్తారంట?”

“ఏమీ ఈరు మామా.”

“మరి మోటరు కాలిపొయ్యి మూడు దినాలాయె. రొవంత మెకానిక్కుకు ఫోన్ జెయ్యరాదా?”

ఇంకో విషయంలో కేశవరెడ్డిని చూసి పోటీ పెట్టినవాళ్ళే సిగ్గుపడాలి. ‘అతడు అడవిని జయించాడు’లో ఉన్నదెంత? ఒక ముసలాయన, ఒక పంది, అడవి, ఒక రాత్రి. సన్నటి పుస్తకం. పదాలు లెక్కపెట్టే యంత్రంలో పెడితే మొదటి వారంలోనే ఫెయిలయ్యేది. ఫ్యాట్ చూసే పరికరంలో పెడితే ఆ పరికరానికి ఉన్న అంకెలు చాలవు. ఇటు దామలచెరువులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ వందల కథలు రాసిన మధురాంతకం రాజారాం ఇంకా గడుసువారు. ఆదివారం మొదలుపెడితే ఆదివారమే అయ్యేదాన్ని ఎంచుకున్నారు, 1993లో సాహిత్య అకాడమీ అవార్డు కథలకే తెచ్చుకున్నారు. కానీ మీరు నవలని చాటింపు వేసేశారు కాబట్టి ఈ పేరా చదవనట్టు ముందుకు నడవండి.

రెండో వారంలో పాత్రల పేర్లు మార్చండి. మూడో వారంలో ఎందుకు మార్చారో మరిచిపోయి మళ్ళీ అసలు పేర్లే రాస్తారు. అదీ పెద్ద ప్రమాదం కాదు. ఊళ్ళో ఎవరి పేరు పెట్టినా, పెట్టకపోయినా, దొంగ పాత్ర తనేనని కనీసం ముగ్గురు గుర్తుపడతారు. మంచివాడి పాత్ర తనదని ఎవరూ రారు.

నాలుగో వారంలో వాయుగుండం వస్తుంది. రాయలేదని బాధపడకుండా పాత పేజీలు తిరిగి చదవండి. చదవకపోతే ఇంకా మంచిది.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. ఈ ముప్పై రోజులూ మీరు పాలకేంద్రం వరసలో నిలబడి వంద పదాలు రాస్తారని పైన చెప్పాను గానీ, మూడో రోజు నుంచి ఆ వరసలో క్యాను పట్టుకుని నిలబడింది మీ భార్య. తెల్లవారి పితికిందీ ఆమే. వానకు కొట్టంలో నీళ్ళు ఎత్తిపోసింది, సంగటి కెలికింది, చెనక్కాయల ఊరిబిండి నూరింది, అక్క కూతురి పెళ్ళికి మీ తరపున వెళ్ళి మాటలు పడింది, మెకానిక్కుకు ఫోన్ చేసింది. విశ్వనాథవారికి తమ్ముడు దొరికినట్టు మీకు ఒకరు దొరకనే దొరికారు, మీరు గమనించలేదంతే. ఆమెకూ రాయాలని ఉందేమో అడిగే ఆలోచన పెట్టుకోకండి. ఉందంటే వచ్చే నవంబరులో పాలు ఎవరు పితకాలన్న ప్రశ్న పుడుతుంది, దానికి ఈ గైడులో అధ్యాయం లేదు.

దీనికి పరిహారంగా మన ప్రచురణల్లో ఒక ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. పుస్తకం మొదట్లో కృతజ్ఞతల పేజీ. అచ్చు వేసినవాళ్ళకు, బొమ్మ గీసినవాళ్ళకు, ముందుమాట రాసిన ప్రొఫెసరు గారికి, ప్రోత్సహించిన మిత్రులకు పేరుపేరునా వందనాలు చెప్పాక, అట్టడుగున ‘నా శ్రీమతి సహకారం మరువలేనిది’ అని ఒక వాక్యం వేస్తారు. మీరూ వేయండి. పేరు అక్కర్లేదు, శ్రీమతి చాలు. ఖాళీలు జాగ్రత్తగా వదిలితే అదొక్కటే ఏడు పదాలు వస్తుంది. అచ్చయిన తొలి ప్రతి ఆమె చేతిలోనే పెట్టండి. సాయంత్రం పాలు పోసి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, దాన్ని తెరిచి, ఆ పేజీలోనే నిద్రపోతే లేపకండి. పొద్దున నాలుగున్నరకు ఎలాగూ లేవాలి.