బంకుకొక కాన్వాయ్ ఇప్పించండి

కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ వారి దివ్య సముఖానికి, వానాకాలంలో కూడా బండి నడపక తప్పని ఒక సామాన్యుడి బహిరంగ అర్జీ.

అయ్యా,

2025 జూన్ చివర్లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం దగ్గర, ముఖ్యమంత్రి మోహన్ యాదవ్ కాన్వాయ్ కోసం తెప్పించిన కార్లు ఓ బంకులో డీజిల్ కొట్టించుకున్నాయి. కాస్త దూరం పోయాయో లేదో, ఒకదాని వెనక ఒకటి మొత్తం 19 ఆగిపోయాయి. పక్కకు తోసి ట్యాంకులు దింపితే డీజిల్‌తోపాటు నీళ్లు. ఇరవై లీటర్లలో పది లీటర్లు నీళ్లేనని అప్పట్లో వార్తలొచ్చాయి. వాన నీరు బంకు భూగర్భ ట్యాంకులోకి దిగిందన్నారు. రాత్రికి రాత్రే అధికారులు దిగారు, బంకుకు సీలు పడింది, ఇండోర్ నుంచి వేరే కార్లొచ్చాయి. ఈ చురుకుదనానికి అర్జీదారుడు ముగ్ధుడయ్యాడు. తొలకరి పడగానే దేశంలోని ప్రతి బంకుకూ ఒక్కో కాన్వాయ్ పంపించాలన్నది అతని మొదటి కోరిక.

అన్ని కాన్వాయ్‌లు లేవంటే, రెండో కోరిక.

బంకు కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటాడు, చూస్తాం. ఫిల్టర్ పేపర్ అడిగితే ఇవ్వాలి. దానిమీద వేసిన పెట్రోల్ చుక్క రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతే కిరసనాయిలూ డీజిలూ కలవలేదని లెక్క. వెనక హారన్లు మోగుతుంటే ఆ రెండు నిమిషాలు నిలబడే ధీరుడెవరన్నది వేరే సంగతి. ఎంత నిలబడినా నీళ్ల గుట్టు ఆ కాగితం చెప్పదు. అది చెప్పేది డిప్ రాడ్డు. కొనకు పేస్టు రాసి ట్యాంకు అడుగుదాకా దించితే, నీళ్లు తగిలినంత మేర పేస్టు రంగు మారుతుంది. ఆ ఫలితం రిజిస్టర్లో మూలుగుతుంటుంది. దాన్ని రోజూ ధరల బోర్డు పక్కనే రాయించండి.

పైగా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. కొద్దిపాటి తేమనైతే అది తనలో కలుపుకుంటుంది. మోతాదు మించిందంటే పెట్రోల్‌ను వదిలేసి, నీళ్లతో చేతులు కలిపి అడుక్కి చేరుతుంది. పంపు లాగేదీ అడుగు నుంచే!

విశాఖ, కాకినాడ మరబోట్ల వాళ్లవి ఇంకో రకం తిప్పలు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఒడ్డున ఆగిన బోటులో ట్యాంకు సగం ఖాళీగా ఉంటే, లోపలి గాలిలోని తేమ గోడలకు చెమటలా పట్టి డీజిల్లోకి జారుతుంది. నీరూ డీజిలూ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది, ఫిల్టర్లు మూసుకుపోతాయి. కారైతే తోస్తాం, నడిసముద్రంలో బోటును తోసేదెవరు? ట్యాంకు నిండుగా ఉంచడం, బయల్దేరే ముందు వాటర్ సెపరేటర్ అడుగున చేరిన నీళ్లు వదిలేయడం తప్ప వాళ్లకు వేరే దారి లేదు.

అర్జీదారుడు తన వంతు జాగ్రత్తలో ఉన్నాడు. ట్యాంకరు అన్‌లోడ్ అవుతున్న బంకులో ఆగడు. ఆవరణలో వాన నీళ్లు నిలిచి, ట్యాంకు మూతలు మునిగితే వెనక్కి తిప్పేస్తాడు. బిల్లు అడిగి తీసుకుంటాడు. కొట్టించిన కాసేపటికే బండి జర్కులిస్తే మళ్లీమళ్లీ సెల్ఫ్ కొట్టకుండా, నలుగురి ఎదుట ఇంధనాన్ని గాజు సీసాలోకి తీయించి కదపకుండా పెడతాడు. నీళ్లుంటే అడుగున పొర తేరుకుంటుంది. ఫొటో తీసి కంపెనీకి ఫిర్యాదు చేస్తాడు. ఇక తేలాల్సింది ఒక్కటే. ట్యాంకు దింపి కడిగి, ఫిల్టర్ మార్చిన మెకానిక్ బిల్లు ఎవరి పేర రాయించాలో ఈ అర్జీ అంచునే రాసి తిప్పి పంపగలరు.

ఇట్లు,
సీసా చేతపట్టుకున్న అర్జీదారుడు