పదమూడో పిన్ను దీపానికి టీకా తాత్పర్యం

మూలం: మొదట ఒక్కమారు, పదమూడో పిన్నును ఔట్‌పుట్‌గా ఉంచు. ఆపైన ఎడతెగక, పిన్నును హై చెయ్యి, వెయ్యి ఆగు, పిన్నును లో చెయ్యి, వెయ్యి ఆగు.

అవతారిక: పైది బ్లింక్ అనే జగత్ప్రసిద్ధమైన ప్రోగ్రాముకు తెలుగు సేత. ఆర్డుయినో బోర్డు కొన్నవాళ్లలో చాలామంది మొట్టమొదట ఎక్కించేది దీన్నే అంటే అతిశయోక్తి కాదు. ఆ బోర్డు పుట్టిల్లు ఇటలీలోని ఇవ్రియా. అక్కడి ఇంటరాక్షన్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్‌లో 2005లో మాసిమో బాంజీ, ఆయన సహచరులు, ఎలక్ట్రానిక్స్ చదవని డిజైన్ విద్యార్థుల చేతికి కూడా లొంగే చౌక బోర్డు ఒకటి కావాలని దీన్ని చేశారు. 1002లో ఇటలీకి రాజైన ఆర్దుయినో పేరు ఆ ఊళ్లో ఒక బారుకు, ఆ బారు పేరు ఈ బోర్డుకు వచ్చాయి. ఇంతకన్నా గొప్ప వంశావళి మన కావ్యనాయకులకే ఉండాలి. భాష మాత్రం అరువుది. ఎర్నాండో బర్రగాన్ అదే సంస్థలో 2003లో మొదలుపెట్టిన వైరింగ్ దీనికి తల్లి. కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో మొదలుపెట్టిన ప్రాసెసింగ్ అమ్మమ్మ. అందుచేత కర్తృత్వ వివాదంలోకి టీకాకారుడు దిగడు. అర్థవివాదమే కావలసినంత ఉంది. ఈ మూలం చదివినవారి చూపు దీపం మీదే నిలుస్తుంది. కానీ దీని ప్రాణం దీపంలో లేదు, ‘వెయ్యి ఆగు’ అన్న రెండు మాటల్లో ఉంది. వెలిగించడం, ఆర్పడం వాటికి అంగాలు. ఈ పక్షాన్నే ఇక్కడ సాధించబోతున్నాం.

ప్రతిపదార్థం: మొదట ఒక్కమారు అంటే బోర్డుకు కరెంటు అందిన క్షణాన, లేదా రీసెట్ బటన్ నొక్కిన క్షణాన అని. పదమూడో పిన్ను అంటే ఆర్డుయినో ఉనో అనే బోర్డు మీద అంటించి ఉన్న చిన్న ఎల్ఈడీకి కలిపిన పిన్ను. విడిగా వైరు, రెసిస్టరు వెతుక్కునే పని లేదు. హై అంటే ఐదు వోల్టులు, లో అంటే సున్నా. వెయ్యి అనగా వెయ్యి మిల్లీసెకన్లు, అంటే ఒక సెకను. ఎడతెగక అన్నచోట కర్త కనబడడు. ఎవరు చేయాలి, ఎవరు చేయిస్తారు అన్న ప్రశ్న వస్తుంది. అధ్యాహారం చేసుకోవాలి. మనం రాయని మెయిన్ అనే ఫంక్షన్ ఒకటి తెరవెనుక ఉంది, అది ‘మొదట ఒక్కమారు’ భాగమైన సెటప్‌ను ఒకసారి పిలిచి, ఆ తరువాత ‘ఎడతెగక’ భాగమైన లూప్‌ను ఆపకుండా పిలుస్తూనే ఉంటుంది. అసలు పాఠంలో సెటప్‌కూ లూప్‌కూ ముందు వాయిడ్ అని ఉండటం చూసి, ఫలం ఆశించని కర్మ అనే గీతార్థాన్ని ఇందులో పిండే రసికులు ఉన్నారు. అది అతివ్యాఖ్య. ఆ ఫంక్షన్ విలువేదీ తిరిగి ఇవ్వదని కంపైలర్‌కు చెప్పడమే దాని పని. మూలంలో లేనిది రాయకూడదని నియమం పెట్టుకున్న మన మెదకు సీమ మల్లినాథసూరి శిష్యులమని చెప్పుకుంటూ ఇలాంటి పనులు చేయరాదు.

ఇక ఆక్షేపాలు. ‘వెయ్యి ఆగు’ రెండుసార్లు వచ్చింది, ఇది పునరుక్తి దోషం కాదా అని పూర్వపక్షి అడుగుతాడు. కాదు. తీసేసి చూస్తే తెలుస్తుంది. మొదటి ఆగును తీసేస్తే, పిన్ను హై అయిన కొన్ని మైక్రోసెకన్లకే లో అయిపోతుంది, ఆపైన సెకను పాటు ఆరి ఉంటుంది. కంటికి దీపం అసలు వెలగనట్టే. రెండోదాన్ని తీసేస్తే ఆరడం అంత తక్కువసేపే, కనుక దీపం ఎప్పుడూ వెలుగుతున్నట్టే. రెండూ తీసేస్తే సెకనుకు లక్షకు పైగా ఆరుతూ వెలుగుతూ, చూసేవాడికి మందంగా వెలిగే నిలకడ దీపంలా అగుపిస్తుంది. వెలిగించు, ఆర్పు అన్న ఆజ్ఞలు మూడు సందర్భాల్లోనూ ఉన్నాయి, వాటిని బోర్డు శిరసావహించింది కూడా. కనబడకుండా పోయింది మినుకు మాత్రమే. ఏది ఉంటే కార్యం ఉండి, ఏది లేకపోతే కార్యం లేకుండా పోతుందో అదే కారణమన్న అన్వయవ్యతిరేక న్యాయం ప్రకారం మినుకుకు కారణం ఆగడమే. సెకనుకు కోటీ అరవై లక్షల టిక్కులు కొట్టే చిప్పును ఊరికే కూర్చోబెడితే తప్ప మన కన్ను దాని పనిని గుర్తించలేదు.

ఇంతకీ ఈ దీపం వెలిగితే ఎవరికి లాభం అంటారా, వెలుతురు లాభం ఏమీ లేదు. ఇది అనుమాన ప్రమాణం. పొగను చూసి నిప్పును ఊహించినట్టు, మినుకును చూసి కంటికి కనబడని ఒక పెద్ద గొలుసును ఊహిస్తాం. కంపైలర్ పనిచేసింది, బోర్డు రకం సరిగ్గా ఎంచుకున్నాం, పోర్టు సరైనదే, యూఎస్‌బీ చిప్పుకు డ్రైవర్ ఉంది, లినక్స్ అయితే ఆ పోర్టును తెరిచే హక్కు మన యూజర్‌కు ఉంది, బూట్‌లోడర్ బతికే ఉంది, కేబుల్లో డేటా తీగలు కూడా ఉన్నాయి. ఈ చివరిదాన్ని తక్కువగా చూడవద్దు. ఫోన్ ఛార్జింగుకు తప్ప దేనికీ పనికిరాని కేబుళ్లు మార్కెట్ నిండా ఉన్నాయి. అలాంటి కేబులు తగిలిస్తే బోర్డు మీద పవర్ లైటు నిక్షేపంగా వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం అక్కడ బోర్డు ఉందన్న సంగతే తెలియదు.

దీని మీద తార్కికుడొకడు గట్టి ఆక్షేపం తెస్తాడు. చాలా బోర్డులు కార్ఖానాలోనే బ్లింక్‌ను ఎక్కించుకుని వస్తాయి. డబ్బా విప్పి కరెంటు ఇవ్వగానే దీపం మినుకుతుంది. మనం అప్‌లోడ్ చేసింది విఫలమైనా మినుకుతూనే ఉంటుంది. నిప్పు లేనిచోట కూడా పొగ కనబడుతోంది కనుక నీ హేతువు వ్యభిచరించింది, ఇది హేత్వాభాసం అంటాడు. నిజమే, మూలాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించినవాడికి ఏ జ్ఞానమూ కలగదు. అయితే సమాధానం కూడా మూలంలోనే ఉంది. ‘వెయ్యి’ని రెండు వందలు చేసి ఎక్కించండి. దీపం హడావుడిగా మినికితే గొలుసంతా సరిగ్గా ఉందని రుజువు. పాత నడకే నడిస్తే ఎక్కడో తెగిందని రుజువు. గమనించండి, ఈ రుజువు దీపం వల్ల రాలేదు. పిన్ను మార్చలేదు, హైని లో చేయలేదు. ఆగే అంకె ఒక్కటి మారింది, అంతే.

పాఠాంతర విచారణ కూడా మన పక్షానికే బలం ఇస్తుంది. ఎస్‌ప్రెసిఫ్ వారి ఈఎస్‌పీ8266 చిప్పు 2014లో చౌక వైఫై మాడ్యూళ్ల రూపంలో హాబీ జనానికి అందాక, ఇంట్లో ఫ్యాను, మోటారు, వాటర్ ట్యాంకు అన్నీ నెట్‌కు ఎక్కడం మొదలైంది. ఆ చిప్పుతో వచ్చే నోడ్‌ఎంసీయూ తరహా బోర్డుల్లో దీపం పదమూడో పిన్ను మీద ఉండదు; పైగా తిరగేసి కలిపి ఉంటుంది. దీపం రెండో కొస 3.3 వోల్టులకు అంటుకుని ఉండటం వల్ల పిన్ను లో అయితే వెలుగుతుంది, హై అయితే ఆరుతుంది. అంటే మూలంలోని వెలుగు చీకట్లు తారుమారు. అయినా పిన్ను అంకె సరిచేసి బ్లింక్ ఎక్కించినవాడికి తేడా కనబడదు! రెండు ఆగుడులూ సమానం కనుక ఏది హై, ఏది లో అన్నది చూపుకు తేలదు. తరువాత ఎప్పుడో ఫ్యానును ఆన్ ఆఫ్ చేసే రిలే తగిలించి, ఆన్ నొక్కితే ఆఫ్ అయినప్పుడు తల పట్టుకుంటాడు. రిలే బోర్డుల్లోనూ లోకు స్పందించేవి చాలా ఉన్నాయి కనుక తిరకాసు మీద తిరకాసు. హై తరువాత వంద, లో తరువాత రెండు వేలు అని పెట్టి ఉంటే మొదటి నిమిషంలోనే గుట్టు బయటపడేది. ఇవాళ కోడ్ రాసిపెట్టే ఏఐ సహాయకులు ఉండగా ఈ తంటా ఎందుకని అడిగేవారికీ ఇదే జవాబు. కోడ్ అది రాస్తుంది. మీ బల్ల మీద ఉన్న బోర్డులో దీపం ఎటు కలిపారో చెప్పాల్సింది ఆ దీపమే.

అన్నిటికన్నా పెద్ద ఆక్షేపం పండితుల నుంచే వస్తుంది. ఆగు అన్న ఆజ్ఞ మహాపాపం, దాన్ని ప్రాణమంటావేమిటని. వాళ్ల వాదంలో పస ఉంది. ఆగిన సెకను పాటు లూప్ ముందుకు కదలదు. ఆ వ్యవధిలో బటన్ నొక్కి వదిలేస్తే అది ఎవరికీ వినబడదు. అందుకే ఆర్డుయినో ఉదాహరణల్లోనే ఆగకుండా మినికించే మరో పాఠం ఉంది. అది గడియారం చూసుకుంటూ, టైమైతే దీపం మారుస్తూ, మిగతా వేళ వేరే పనులు చూసుకుంటుంది. పాపపు లెక్కలో ఇంకొకటి: ఉనోలో మామూలు పూర్ణాంకానికి 16 బిట్లే చోటు, 32,767 దాటితే పట్టదు. నిమిషం ఆగమని అరవై ఇంటూ వెయ్యి అని రాస్తే గుణకారం పొంగిపోయి మైనస్ 5,536 అవుతుంది. ఆగు అన్న ఆజ్ఞకు రుణసంఖ్య తెలియదు. దాన్ని 429 కోట్ల చిల్లర మిల్లీసెకన్లుగా చదువుకుని 49 రోజుల పైచిలుకు కదలక కూర్చుంటుంది. నేరుగా 60000 అని రాస్తే మాత్రం ఏ గొడవా లేదు. కంపైలర్ సాధారణంగా నోరు మెదపదు, అదే ఇందులో దారుణం.

ఇవన్నీ ఒప్పుకుంటూనే అడుగుతున్నాం, ఈ పాపాలన్నీ ఎక్కడ పుట్టాయి? ఆగే చోటే కదా. పాపమంతా ఒకచోటే పోగుపడిందంటే విద్య అంతా అక్కడే నేర్చుకోవాలన్నమాట. నెట్‌కు కలిసిన పరికరాల్లో ఇది మరింత స్పష్టం. ఎంక్యూటీటీ అనే ప్రోటోకాల్ 1999లో చమురు పైపులైన్ల సమాచారాన్ని ఖరీదైన ఉపగ్రహ లింకుల మీద పొదుపుగా పంపడానికి పుట్టింది. ఇప్పుడు తులసికుండీలో తడి ఎంతుందో చెబుతోంది. దాని నిబంధన ఏమిటంటే, బతికే ఉన్నానని పరికరం నియమిత వ్యవధిలో చెబుతుండాలి. ఆ వ్యవధికి ఒకటిన్నర రెట్లు మౌనం వహిస్తే, సందేశాలను చేరవేసే సర్వరు, అంటే బ్రోకర్, దాన్ని తెంచేస్తుంది. ఆర్డుయినో వాళ్లు ఎక్కువగా వాడే పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీలో ఆ వ్యవధి మామూలుగా 15 సెకన్లు. తడి కొలిచి 30 సెకన్లు ఆగమని రాశారనుకోండి. ఈఎస్‌పీ8266లో ఆగేటప్పుడు వైఫై పని వెనకాల సాగుతూనే ఉంటుంది కనుక రౌటరులో పరికరం కనబడుతూనే ఉంటుంది. కానీ లైబ్రరీకి వంతు రాదు, 22 సెకన్లు దాటాక బ్రోకర్ చెల్లు చీటీ ఇస్తుంది. వైఫై ఉంది, డేటా రాదు. ఈ చిక్కుముడి విప్పేవాడు ముందు సిగ్నల్ బలాన్ని, తరువాత సెన్సారును, చివరికి అంగట్లో అమ్మినవాణ్ణి అనుమానిస్తాడు; ఆగే అంకెను అనుమానించేది ఆఖర్న.

‘మొదట ఒక్కమారు’ అన్న పదానికి కూడా ఆగడంతో చుట్టరికం ఉంది. కరెంటు పోయి వచ్చిందనుకోండి. బోర్డు సెకనులో లేచి కూర్చుంటుంది. రౌటరుకు నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. వైఫైకి కలిసే ప్రయత్నం సెటప్‌లో ఒకసారి చేసి ఊరుకున్న ప్రోగ్రాము, రౌటరు ఇంకా లేవనందున ఓడిపోయి, మళ్లీ ఎవరైనా ప్లగ్గు పీకి పెట్టేదాకా అలా పడి ఉండొచ్చు. పరికరం చెడిపోలేదు, ఆగడం రాలేదు. కొంచెం ఆగి మళ్లీ ప్రయత్నించు, అప్పటికీ కాకపోతే ఇంకొంచెం ఎక్కువ ఆగు అన్న రెండు వాక్యాలు లూప్‌లో ఉంటే ఈ అవస్థ లేదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఐఓటీ ఆధారిత అంటూ మొదలయ్యే ప్రాజెక్టుల్లో చాలావాటికి వైవా రోజున ఉన్న ప్రాణం మర్నాడు ఉండకపోవడానికి ఇదొక ముఖ్య కారణమని టీకాకారుడి అభిప్రాయం. ల్యాబులో కరెంటు పోదు, పోయినా మార్కులు పడ్డాక పోతుంది.

ఇంత చేసీ చివరికి ఒక బుల్లి దీపమేనా, స్విచ్చు నొక్కితే పోయేదానికి అన్న ఆక్షేపానికి పెద్దగా జవాబు చెప్పనక్కరలేదు. కేంబ్రిడ్జ్ కంప్యూటర్ ల్యాబులో కాఫీ కూజా నిండుగా ఉందో లేదో లేచి వెళ్లకుండా చూడటానికి 1991లో కెమెరా పెట్టారు. 1993లో అది వెబ్‌కు ఎక్కి, 2001 దాకా లోకమంతా చూసింది. అక్కడా లేచి నాలుగడుగులు వేస్తే పోయేదే.

తాత్పర్యం అడిగేవారికి ఆచరణే చెబుతాం. కొత్త బోర్డు కొన్నవారు మొదటి ఆగుకు వంద, రెండో ఆగుకు రెండు వేలు పెట్టి ఎక్కించండి. చటుక్కున మెరిసి చాలాసేపు ఆరి ఉంటే బోర్డు మూలపాఠానిది; చాలాసేపు వెలిగి చటుక్కున ఆరితే తిరగేసిన పాఠానిది, రిలే కొనేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి. రెండూ కాక పాత నడకే నడిస్తే ప్రోగ్రామును తిట్టకముందు కేబులు మార్చి చూడండి.