‘చేతి రాయి’ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.
చేతి రాయి నింగి చెప్పు మాటలు విని
నలుగురైన పిదప నమ్మి పలుకు
నీవు నిలుచు చోటె నిక్కమ్ము దానికి
దారి యడుగ వలదు దాని నెపుడు

అవతారిక: కొండల్లో, అడవుల్లో నడిచేవాళ్లు చేతపట్టుకునే జీపీఎస్ యంత్రాన్ని గురించి ఒక అనుభవజ్ఞుడు కొత్తవాడికి చేస్తున్న ఉపదేశమిది. కర్త ఎవరో నిర్ధారణగా తెలియదు. వ్యాఖ్యాతే రాసుకుని వ్యాఖ్యాతే మురిసిపోతున్నాడని గిట్టనివాళ్లు అంటారు. గణాలు సరిపోయాయి, యతులు కుదిరాయి, కనుక ఆ గొడవ మనకెందుకు?

ప్రతిపదార్థం: చేతి రాయి = గుప్పిటలో పట్టు జీపీఎస్ యంత్రము; నింగి చెప్పు మాటలు = ఉపగ్రహములు పంపు సంకేతములను; విని = ఆలకించి; నలుగురైన పిదప = నాలుగు ఉపగ్రహములు దొరికిన తరువాత; నమ్మి పలుకు = స్థానమును తెరపై చూపును; నీవు నిలుచు చోటె = నీవున్న తావు మాత్రమే; దానికి నిక్కమ్ము = దానికి తెలిసిన సత్యము; దానిని ఎపుడు దారి అడుగ వలదు = స్పష్టము.

తాత్పర్యం: ‘ఎక్కడున్నాను?’ అని అడిగితే ఆ యంత్రం చెబుతుంది. ‘ఎలా వెళ్లను?’ అన్నది దాని శాస్త్రంలో లేదు.

విశేషాలు: ‘రాయి’ అనడం నింద కాదు, స్తుతి. వానలో తడిసినా, బండ మీద పడినా ఓర్చుకునే గుణం వల్ల ఆ పేరు. 1989లో మాజెలాన్ సంస్థ తెచ్చిన నావ్ 1000 ఈ వంశానికి మూలపురుషుడు. వెల రమారమి మూడు వేల డాలర్లు. ఇప్పటి గార్మిన్ ఈట్రెక్స్ లాంటివి రెండు పెన్సిల్ సెల్స్‌తో పగలంతా నడుస్తాయి. ‘ఫోన్ ఉండగా ఇదెందుకు?’ అని పూర్వపక్షం. ఫోన్ కూడా టవర్ లేని చోట ఉపగ్రహాలను వినగలదు, పటం ముందే దించుకుని ఉంటే దారీ చూపగలదు. అంతవరకు ఒప్పుకుంటాం. కానీ తడి వేళ్లకు మొరాయించే అద్దం వేరు, నొక్కితే పలికే మీట వేరు. పైగా సాయంత్రానికి ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతే అత్యవసరానికి ఒకరిని పిలిచే దిక్కు కూడా ఉండదు.

‘చెప్పు మాటలు విని’ అన్న చోట కొన్ని ప్రతుల్లో ‘చెప్పు మని పిలిచి’ అనే పాఠం ఉందని వాదించేవాళ్లున్నారు. అది అజ్ఞాన పాఠం. యంత్రం ఎవరినీ పిలవదు, పైకి ఒక్క ముక్క పంపదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండు చుట్లు తిరిగే ఉపగ్రహాలు ‘నేను ఫలానా, ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత’ అని ఎడతెగకుండా చెప్పుకుపోతాయి. ఆ మాట నేలకు చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యమైందో చూసి యంత్రం దూరం లెక్కకడుతుంది. ఎవరు ఎప్పుడు ఏ దిక్కున ఉంటారో తెలిపే పంచాంగం కూడా ఆ మాటల్లోనే వస్తుంది, అదీ సెకనుకు 50 బిట్ల నత్తనడకన. మొత్తం అందడానికి పన్నెండున్నర నిమిషాలు. చాలాకాలం పెట్టెలో పడి ఉన్న యంత్రాన్ని చెట్ల కిందికి దూరిన తర్వాత తెరిచి, ‘ఇది పనిచేయదు’ అని తిట్టడం శిష్టాచారం కాదు. బయలుదేరే ముందు ఆరుబయట కాసేపు ఆకాశం చూపించాలి.

‘నలుగురైన పిదప’. ఇది ఈ పద్యానికి ప్రాణం. చోటు తేల్చడానికి ముగ్గురు చాలరా? చాలుదురు, చేతిలోని గడియారం సరైనదైతే. ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలుంటాయి. మన చేతిలోది చౌక సరుకు. మైక్రోసెకను తప్పితే మూడు వందల మీటర్లు తప్పినట్టే. నాలుగోవాడు వచ్చి మన గడియారం అబద్ధాన్ని పట్టిస్తాడు. పైనున్నవాళ్ల కాలమూ మన కాలమూ ఒకటి కాదన్నది మరో రహస్యం: సాపేక్షత వల్ల అక్కడి గడియారం రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. దాన్ని సవరించకుండా వదిలేస్తే ఒక్క రోజులోనే లెక్క పది కిలోమీటర్లు దాటి పాడవుతుంది. దేవతల కాలమానం వేరని పురాణాలు వినిపించినవాళ్లు ఇక్కడ మీసం దువ్వుకోవచ్చు, ఒక్కసారి మాత్రమే.

నలుగురుంటే చాలదు, నాలుగు దిక్కుల నుంచీ ఉండాలి. శేషాచలంలో తుంబురు తీర్థానికి వెళ్లే చోట కొండ రెండుగా చీలి, నిలువు గోడల నడుమ సందులా మారుతుంది. అక్కడ కనిపించేది ఆకాశపు పేలిక. అందులోంచి తొంగిచూసే సాక్షులంతా దాదాపు ఒకే వరసలో ఉంటారు. పైగా కొన్ని మాటలు బండను తాకి, చుట్టుదారిన వచ్చి చెవిన పడతాయి. అప్పుడు యంత్రం మిమ్మల్ని నిలువు గోడ లోపల నిలబెట్టి, నిబ్బరంగా చూపిస్తుంది. దాని నిబ్బరం చూసి మన కళ్లను అనుమానించకూడదు.

‘నిక్కమ్ము’ అన్నా ఆ నిజానికి మూడు నుంచి అయిదు మీటర్ల వెసులుబాటు ఉంది. ఎత్తు విషయంలో ఇంకా ఎక్కువ. 2000 మే 2 దాకా అమెరికా సైన్యం పౌరులకు కావాలనే మసక నిజం పంపేది, వంద మీటర్ల వరకు తప్పుతో. ఆ మసక తొలగించిన మర్నాడే ఆరెగన్ అడవిలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచి, అక్షాంశ రేఖాంశాలు లోకానికి చాటి, వెతుక్కోమన్నాడు. అందులో ఒక బీన్స్ డబ్బా కూడా ఉంది. జియోకాషింగ్ అనే ఆట అలా పుట్టింది. శక్తి చేతికి రాగానే మనిషి చేసే మొదటి పని దాగుడుమూతలే అన్నమాట.

మరో సూక్ష్మం. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు భూమి ఆకారానికి ‘ఎవరెస్ట్ గోళాభం’ అనే లెక్కను ఆధారం చేసుకున్నవి. యంత్రం డబ్ల్యూజీఎస్ 84 అనే లెక్క పాటిస్తుంది. ఒకదాని అంకెలు మరొకదాని మీద గుర్తుపెడితే తిరుపతి ప్రాంతంలో వంద మీటర్లకు పైగానే తేడా వస్తుంది. పటం, యంత్రం రెండూ సత్యవ్రతులే, ఏకమతం మాత్రం కాదు.

‘నిలుచు’ పదం మీద ఒక చిక్కుంది. నిలబడితే చోటు తెలుస్తుంది గాని, ఎటు చూస్తున్నామో తెలియదు. అయస్కాంత దిక్సూచి లేని యంత్రం మనం నాలుగడుగులు వేస్తేనే బాణాన్ని నిలకడగా చూపగలదు. దిక్సూచి ఉన్న యంత్రాన్ని అప్పుడప్పుడు హారతి పళ్లెంలా నెమ్మదిగా తిప్పి సరిచేయాలి.

‘దారి యడుగ వలదు’: గమ్యం నొక్కగానే బాణం, ‘600 మీటర్లు’ అనే అంకె కనబడతాయి. అది కాకి లెక్క. మధ్యలో లోయ ఉందో, దాటరాని వాగు ఉందో బాణానికి పట్టదు. ‘పటాలున్న యంత్రాల మాటేమిటి?’ అంటారా, ఆ గీతలు ఎవరో నడిచి, ఎవరో గీసినవి. శేషాచలంలో కొన్ని బాటలు ఎర్రచందనం దొంగలు వేసినవి. అలాంటివి పటంలో కనిపించినా అటు పోకపోవడమే మేలు, అటవీ శాఖ అనుమతి చేతిలో ఉన్నా సరే. యంత్రానికి దారిలో తెలిసేది ఒక్కటే, మనం నడిచి వచ్చినది. బండి దిగిన చోట గుర్తు పెట్టి, జాడ నమోదు చేయమని చెబితే తిరిగి వచ్చేటప్పుడు ఆ జాడే చూపిస్తుంది. గుర్తు పెట్టడం మరిచినవాడికి ఈ పద్యం వర్తించదు.

దోష విచారం: ఎంత శ్రవణశక్తి ఉన్నా సెల్స్ లేనిదే రాయి నిజంగానే రాయి. ఆ మాట పద్యంలో ఎక్కడా లేదు కనుక ఇది న్యూనపద దోషమని ఆక్షేపణ. సమాధానం: ‘పలుకు’ అన్నాడు కదా, పలకడానికి శక్తి కావాలి, కనుక సెల్స్‌ను అధ్యాహారం చేసుకోవాలి. పద్యంలో ఆ వీలుంది. సంచిలో లేదు, అక్కడ అదనంగా రెండు కొని పెట్టుకోవలసిందే.