నేనుండేది మరొకరి గొంతులో

స్వీడన్ పడమటి తీరంలో గుల్మార్ అనే ఫియర్డ్, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఉంది. అక్కడి రాళ్ళకు ఎడమ పక్కతో అతుక్కుని బతికే సీ స్క్వర్ట్ అనే సంచిలాంటి సముద్ర జీవి పేరు అసిడియా మెంటులా. దాని గొంతే నా ఇల్లు. నా పేరు నోటోడెల్ఫిస్ ఆల్మానీ. కోపెపాడ్ అనే చిన్న నీటి జీవిని, ఆడదాన్ని, బియ్యపు గింజకన్నా చిన్నదాన్ని. ఒకప్పుడు మీ దిగుడు బావుల్లో నారికురుపు పురుగును మోసిన సైక్లాప్స్ మా క్రమానికి చెందినదే. ఆ జబ్బు భారతదేశంలో లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ధ్రువీకరించింది. ఆ సైక్లాప్స్‌ను చూసినవాళ్ళకు నా ముఖం కొత్తగా ఉండదు.

నా గురించీ, నాకు చోటిచ్చిన జీవి గురించీ పుస్తకాలు చాలాకాలం ఒకే మాట అన్నాయి: క్షీణత. సీ స్క్వర్ట్ పిల్లగా ఉన్నప్పుడు దానికి తోక, తోకలో పృష్ఠవంశం ఉంటాయి. అది వెన్నెముక జీవుల చుట్టమని 1866లో శాస్త్రజ్ఞుడు కొవలెవ్‌స్కీ దాని లార్వాను చూసే గుర్తించాడు. తర్వాత అది రాతికి అంటుకుంటుంది, తోక పోతుంది. డిగ్రీ జువాలజీ చదివిన ప్రతివారూ హెర్డ్మానియా అనే సీ స్క్వర్ట్ పాఠంలో తిరోగమన రూపవిక్రియ అని రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఇక నేను పరాన్నజీవిని కాబట్టి అవయవాలు పోగొట్టుకుని ఉంటానని చూడకుండానే తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ముందు నా ఒళ్ళు చూడండి.

అంతకన్నా ముందు ఇల్లు చూడాలి. బయట మందపాటి కంచుకం. దాన్ని గట్టిపరిచేది సెల్యులోజ్, మీ చెట్ల కాండంలో ఉండేదే. జంతువుల్లో దాన్ని సొంతంగా తయారు చేసుకోగలిగినవి ఈ కంచుకులే. లోపల గొంతు పెద్ద సంచిగా సాగి ఉంటుంది, దాని గోడ నిండా సన్నటి చీలికలు. చీలికల అంచున శైలికలు ఆగకుండా ఊగుతుంటే నీరు పై రంధ్రం నుంచి లోపలికి వస్తుంది, చీలికల్లోంచి జారి పక్క రంధ్రం గుండా వెళ్ళిపోతుంది. ఎండోస్టైల్ అనే గాడి జిగురు వల నేస్తుంది. నీటిలోని సూక్ష్మమైన ఆహారమంతా ఆ వలకు అంటుకుంటుంది. వల గోడ వెంట జరిగి, ఎదుటి వైపు తాడుగా చుట్టుకుని, అన్నవాహికలోకి దిగుతుంది. నేను ఆ దారిలోనే తింటాను. ఇంటివారి రక్తం తాగను, కండ కొరకను. వాళ్ళు పోగుచేసిన ముద్దలో నా వంతు తీసుకుంటాను.

ఆ పనికి నోరు కావాలి, అందుకే నా నోరు పూర్తిగా ఉంది. పళ్ళున్న దవడలు, వాటి వెనక ఆహారాన్ని నోటికి తోసే ఉపాంగాల జతలు, ఒక్కటీ తగ్గలేదు. మొదటి జత మీసాలు వాసనకూ స్పర్శకూ. రెండో జత మాత్రం ఈదే బంధువులకు ఉన్నట్టు ఉండదు. దాని కొస కొక్కెంగా వంగి ఉంటుంది. ఇంటివారు ఉన్నట్టుండి ఒళ్ళు ముడిచి నీళ్ళు చిమ్మినప్పుడు ఆ కొక్కెమే నన్ను గోడకు పట్టి ఉంచుతుంది. ఛాతీ కింద నాలుగు జతల కాళ్ళు, ప్రతి కాలూ రెండుగా చీలి ఉంటుంది. ఐదో జత చిన్నది.

నాకు గుండె లేదు, మొప్పలు లేవు. పేగు కదలికకే ఒంట్లోని ద్రవం కదులుతుంది, చర్మమే ఊపిరి. అది పరాన్నజీవనం వల్ల వచ్చిన లోటు కాదు, స్వేచ్ఛగా తిరిగే సైక్లాప్స్‌కూ గుండె లేదు. నా ఇంటివారి గుండె మాత్రం కొంతసేపు ఒక దిక్కుకు రక్తం పంపి, ఆగి, మళ్ళీ ఎదురు దిక్కుకు పంపుతుంది.

నాకు అన్నిటికన్నా గర్వం నా వీపు. సైక్లాప్స్ ఆడది గుడ్లను రెండు సంచుల్లో తోక పక్కన వేలాడదీసుకుని తిరుగుతుంది. నాలో ఛాతీ వెనక భాగమే పెద్ద సంచిగా ఉబ్బింది. గుడ్లు అందులోకి దిగి, నా ఒంట్లోనే పిల్లలవుతాయి. ఆ సంచి నిండినప్పుడు మిగతా ఒళ్ళంతా దానికి అనుబంధంలా కనిపిస్తుంది. నీళ్ళు ఎంత చిమ్మినా గుడ్డు ఊడిపోదు. క్షీణించిన ఒంట్లో కొత్త గది ఎక్కడినుంచి వస్తుంది? మా మగవాళ్ళు చిన్నవాళ్ళు, వాళ్ళకు ఈ గది లేదు.

అందరం ఒకేలా మారలేదు. పేగులోకి దిగిపోయిన ఎంటెరోకోలా కాళ్ళు బాగా కుదించుకుంది. ఇదే ఫియర్డ్‌లో, అసిడియెల్లా ఆస్పెర్సా అనే మరో సీ స్క్వర్ట్ ఒంట్లో గోనోఫిసెమా అనే కోపెపాడ్ ఉంటుంది. దానికి కాళ్ళూ నోరూ పేగూ ఏవీ లేవు. ఆతిథేయి కణజాలంలో కొమ్మలుగా చీలి, ఒంటి పైపొర ద్వారానే ఆహారం పీల్చుకుంటుంది. మగ లార్వాలు దాని లోపలికే చేరి వీర్యం తయారు చేసే ముద్దలుగా మిగిలిపోతాయి. 1960, 61లలో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు బ్రెషియాని, లుట్జెన్ ఆ సంగతి బయటపెట్టారు. కణజాలంలో మునిగి ఉన్నదానికి కొక్కెం దేనికి, దవడ దేనికి?

మమ్మల్ని మొదట శ్రద్ధగా చూసినవాళ్ళలో ఐర్లండ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్మన్ ఒకడు. 1847లో మా ప్రజాతికి పేరు పెట్టాడు. 1859లో స్వీడన్‌వాడు తొరెల్ సీ స్క్వర్ట్‌లలోని కోపెపాడ్‌లను వరసగా పరిశీలించి, నోటి నిర్మాణాన్ని బట్టి మొత్తం కోపెపాడ్‌లనే మూడు వర్గాలు చేశాడు. నా జాతికి ఆల్మన్ పేరు పెట్టింది ఆయనే. తర్వాత సాలీళ్ళ పరిశోధకుడిగా పేరు తెచ్చుకున్నాడు గానీ, మా నోళ్ళను అంత ఓపిగ్గా చూసినందుకు నేను ఆయన్ని తలుచుకుంటాను.

నా పిల్లలు మూడు జతల ఉపాంగాలతో, లోపలి పచ్చసొన ఆధారంగా బయటి నీటిలోకి వెళతాయి. ఈదుతూ పొరలు విడిచి, కోపెపాడిడ్ దశకు వచ్చాక ఏదో ఒక గొంతు వెతుక్కోవాలి. దొరకనివాటికి బతుకు లేదు.

వెచ్చటి సముద్రాల సీ స్క్వర్ట్‌లలోనూ మా కుటుంబం వాళ్ళున్నారు. మీలో ఎవరైనా ప్రయోగశాలలో ఒకదాన్ని కోస్తే, గొంతు సంచిని కడగకముందే నీళ్ళున్న పళ్ళెంలో విప్పి, లెన్స్ కింద గోడలు మెల్లగా వెతకండి. ముందే కడిగితే ఆ నీళ్ళతోనే మేము కొట్టుకుపోతాం.