లేని గదికి అడ్వాన్సు గుంజే నీకు

ఓరుగల్లు నుంచి ఒక బహిరంగ లేఖ

నీ అసలు పేరు నాకు తెలియదు. ఒకరోజు లాడ్జి మేనేజరునంటావు, ఇంకోరోజు కాటేజీ ఓనరునంటావు, మరోరోజు టూరిజం శాఖ ఉద్యోగినంటావు. హనుమకొండలో ఎవరిదో లాడ్జి ఫొటోలు తీసుకుని, వాటి కింద నీ ఫోన్ నంబరు పెడతావు. గది కోసం వెతికేవాళ్లకు ముందు కనిపించేది నువ్వే.

నువ్వు ఎవరి సొమ్ము తింటున్నావో తెలుసా? రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మలను చూడ్డానికి మేడారం వచ్చేవాళ్ల సొమ్ము. మహారాష్ట్ర నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తారు. బతుకుదెరువుకు భివండి, షోలాపూర్ వెళ్లి స్థిరపడ్డ మన నేతకార్మికుల కుటుంబాలూ వస్తాయి. మేడారం ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. వరంగల్, కాజీపేటల్లో రైలు దిగిన వాళ్లకు ఒక రాత్రి నడుం వాల్చే చోటు కావాలి. జాతర రోజుల్లో గదులు దొరకవు. ఆ దొరకకపోవడమే నీకు పెట్టుబడి. 2021 జులై 25న రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ల మీదా నీ కన్ను పడింది.

మొదట సగం అద్దె అడుగుతావు. అది పంపగానే, “జీఎస్టీ కలవలేదు, మొత్తం మళ్లీ పంపండి, ముందు పంపింది వాపసు వస్తుంది” అంటావు. వాపసు పేరుతో ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటావు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని, పిన్ కొడితే పోవడమేనని తెలియని పెద్దవాళ్లు అక్కడ పూర్తిగా మునుగుతారు.

గత జాతరకు భివండి నుంచి వచ్చిన మా బంధువులకు జరిగిందిదే. మాకు ఇబ్బంది ఎందుకని గది మాట్లాడుకున్నారు. అర్ధరాత్రి ముసలమ్మతో, పిల్లలతో లాడ్జికి వెళితే రిజిస్టరులో వాళ్ల పేరే లేదు. అద్దె కట్టామని వాళ్లు, మాకు అందలేదని కౌంటరులోని అబ్బాయి. ఏ తప్పూ చేయని ఆ పిల్లవాడు నీ వల్ల తిట్లు తిన్నాడు. నువ్వు దోచింది డబ్బొక్కటే కాదు, ఈ ఊరి మీద వాళ్లకున్న నమ్మకాన్ని కూడా.

ఇది మా ఊరికే పరిమితమైన బెడద కాదు. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు, యాత్రాస్థలాల్లో వసతి గదుల పేరుతో జరుగుతున్న మోసాల గురించి 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ కిందున్న సైబర్ నేరాల సమన్వయ కేంద్రం దేశమంతటినీ హెచ్చరించింది. నువ్వు చేసేది చిల్లర తెలివి అనుకోకు. మోసానికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. వేరేవారి పేరుతో ఆన్‌లైన్‌లో మోసగిస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

నీ మీద కేసు పెట్టడం పోలీసుల పని. నీకు చిక్కకుండా ఉండటం మా పని, అదేమంత కష్టం కాదు. టూరిజం శాఖ హరిత హోటళ్ల గదులు ఆ శాఖ సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకుంటాం. లాడ్జి అయితే ఊళ్లో తెలిసినవాళ్లను ఒకసారి వెళ్లి చూడమంటాం. డబ్బు పంపేముందు యూపీఐలో కనిపించే పేరు చూస్తాం. లాడ్జి పేరుకు బదులు ఎవరో వ్యక్తి పేరుంటే అక్కడే ఆగుతాం.

గది నిజంగానే ఉండి, చెప్పినట్టు లేకపోతే అది వేరే తగాదా. రసీదు, ఫొటోలు దాచుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తాము ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, వరంగల్ దాకా మళ్లీ రానక్కర్లేదు.

లాడ్జి యజమానులకు ఒక విన్నపం: మీ ఫొటోల కింద ఎవరి నంబరు ఉందో అప్పుడప్పుడూ వెతికి చూసుకోండి. తప్పుడు నంబరు కనిపిస్తే వెంటనే పోలీసులకు చెప్పండి.

ఇక మోసపోయినవాళ్లకు ఒక మాట. సిగ్గుపడి ఊరుకోకండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఖాతాలో ఉండగా చెబితే ఆపగలిగే అవకాశం ఉంటుంది. ఆలస్యమైన ప్రతి గంటా మోసగాడిదే.