రిలీవర్ లేని డ్యూటీ

మా రోజుల్లో ఉక్కు కంపెనీలో ఒక రూలుండేది. రిలీవర్ వచ్చి పక్కన నిలబడేదాకా మెషీన్ వదిలి కదలకూడదు. ఏ షిఫ్టు పొద్దున్న ఆరింటికి, బీ మధ్యాహ్నం రెండింటికి, సీ రాత్రి పదింటికి. ఇంట్లో పెళ్లి ఉన్నా, ఒంట్లో జ్వరం ఉన్నా, చేతులు మారకుండా గేటు దాటితే మర్నాడు చార్జిషీటే. జంషెడ్‌పూర్‌లో ఈ సంగతి పాలవాడికి కూడా తెలుసు. పసిబిడ్డని ఐసీయూ నుంచి ఇంటికి పంపించేవాళ్లకి మాత్రం గుర్తురాదు.

మా మనవడు ఏడో నెలలో పుట్టాడు. కిలో చిల్లర బరువు. ఐసీయూలో వాడికి రాత్రీ పగలూ మూడు షిఫ్టుల నర్సులుండేవారు. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదని ఆక్సిజన్‌తోనే కద్మాలోని మా ఇంటికి పంపారు. ముక్కు కింద సన్నటి గొట్టం, ముక్కులోంచి పొట్టలోకి పాల ట్యూబు, పాదానికి ఆక్సీమీటరు. ఆ మూడు షిఫ్టుల పనీ ఒక్క కోడలి చేతిలో పెట్టి "కంగ్రాచ్యులేషన్స్" అన్నారు.

మా రోజులే నయం అనబోతే మా అబ్బాయి ఊరుకోడు. "నీ రోజుల్లో అయితే వీడు దక్కేవాడా నాన్నా?" అంటాడు. కాదనను. 1971లో మన దేశంలో వెయ్యి మంది పుడితే ఏడాది నిండకుండా 129 మంది పోయేవారు. 2020 నాటికి అది 28కి దిగింది. మా క్వార్టర్ల లైన్లో నెలలు నిండని బిడ్డ పుడితే దూదిలో చుట్టి, అటూ ఇటూ వేడినీళ్ల సీసాలు పెట్టి, ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కా పాలు పట్టి, ఆపైన దేవుడిదే భారం అనేవాళ్లం. చాలామంది దక్కలేదు. సైన్సుకి దండం పెడతాను. నా సణుగుడు మనుషుల మీద.

ఆ దూదిమూటకి కూడా రిలీవర్లుండేవారయ్యా. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా ఇంట్లో పురుడొస్తే పక్కింటి బెంగాలీ వదిన నీళ్లు కాచేది, ఎదురింటి ఒడియా ఆవిడ గుడ్డలు ఉతికేది, ఊరి నుంచి దిగిన అత్తగారు రాత్రి కూర్చునేది. ఎవరినీ పిలవక్కర్లేదు. ఇప్పుడు పక్క ఫ్లాటు వాళ్లు వాట్సాప్‌లో దండం బొమ్మ పెడతారు. లేదా పదిమంది కట్టగట్టుకుని మిఠాయి డబ్బాతో దిగుతారు, అందులో ఇద్దరికి జలుబు. నలతగా ఉన్న ఊపిరితిత్తికి మీ జలుబే నిమోనియా, బాబూ.

పని ఎంతో చెబుతాను వినండి. రెండు గంటలకోసారి పాలు. ముందు చేతులు సబ్బుతో కడగాలి. ట్యూబు మీది గుర్తు జరిగిందేమో చూడాలి. సిరంజితో కాస్త లాగి, ట్యూబు పొట్టలోనే ఉందని తేల్చుకోవాలి. పాలు పోసి సిరంజి ఎత్తి పట్టుకుంటే వాటంతట అవే దిగాలి, తొయ్యకూడదు. తర్వాత బిడ్డని కాసేపు తల ఎత్తుగా పట్టుకోవాలి. పాలు పిండుకోవాలి, గిన్నెలు మరిగించాలి, మందు చుక్కలు వెయ్యాలి. అంతలో మళ్లీ టైమవుతుంది. మధ్యలో మీటరు అరుపొకటి. బతుకంతా ఫర్నేసు గేజీలు చూసినవాణ్ణి, చెబుతున్నాను: అరిచినప్పుడు ముందు బిడ్డ పెదాల రంగు చూడాలి, డొక్కలు లోపలికి లాగుతున్నాయేమో చూడాలి. పాదం దగ్గర తీగ సంగతి తర్వాత.

ఇక మా ఆవిడ గొడవ వేరు. స్నానమయ్యాక సాంబ్రాణి వెయ్యనివ్వరు, ముక్కులో నూనె చుక్కలు వద్దంటారు, తేనె నాకించకూడదంటారు. "మన పిల్లలు పెరగలేదేటి?" అంటుంది. ఇక్కడ నేను కోడలి పార్టీయే. ఆక్సిజన్ లైను దగ్గర నిప్పు, నూనె చెయ్యి రెండూ కూడదని ప్లాంటులో చేరిన కొత్తలోనే నేర్పేవారు. అందుకే దేవుడి దీపం కూడా అవతల గదికి మార్చాం. ఆక్సిజన్ కాన్సంట్రేటరు గదిలో గాలినే పీల్చి నైట్రోజన్ వడగడుతుంది, అయితే కరెంటు పోతే అది పెట్టె కిందే లెక్క. మూలన చిన్న సిలిండరు ఉండాల్సిందే.

మా రోజుల్లో మగాడు పురిటిగది గడప తొక్కేవాడు కాదు. ఇప్పుడు నేను చొక్కా విప్పి వాణ్ణి గుండెకి ఆనించుకుని కూర్చుంటున్నాను. 1978లో కొలంబియా దేశం బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు బిడ్డల్ని తల్లుల రొమ్ముకి కట్టించారు. కంగారూ పద్ధతి అలా పుట్టింది. తల్లి అలిసిపోతే తండ్రీ తాతా పనికొస్తారు. ముసలి రొమ్ముకి ఇన్నాళ్లకి ఉద్యోగం దొరికింది.

సెలవుల సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది. ఈ ఊళ్లో కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పని పెట్టింది, 1928లో ప్రసూతి సాయం ఇచ్చింది. దేశమంతటికీ ప్రసూతి చట్టం 1961లో గానీ రాలేదు. 2017లో సెలవు 26 వారాలు చేశారు, సంతోషం. బిడ్డ ఐసీయూలో ఉన్న వారాలు కూడా అందులోనే కరిగిపోతాయి. అసలు చాకిరీ ఇంటికొచ్చాకే మొదలని చట్టానికి తెలియదు. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికైతే చట్టప్రకారం ఒక్క రోజు కూడా లేదు. ఎనిమిది గంటల ఊళ్లో ఒక తల్లి ఇరవై నాలుగు గంటల డ్యూటీ చేస్తోంది, యూనియన్ లేదు, ఓవర్‌టైము లేదు.

మాకు జీతాలున్నాయి, కాన్సంట్రేటరు కొన్నాం. లేనివాళ్ల మాటేమిటి? 2017 ఆగస్టులో ఈ ఊళ్లోనే సాక్చీ ఎంజీఎం ఆసుపత్రిలో నెల రోజుల్లో 52 మంది పసికందులు పోయారని దేశమంతా వార్త వచ్చింది. పోషకాహార లోపం అన్నారు అక్కడి పెద్దలు. అలాంటి చోట తక్కువ బరువుతో బతికి బయటపడ్డ బిడ్డ ఏ బస్తీ గదికి వెళుతుందో, అక్కడ రాత్రి ఎవరు కూర్చుంటారో ఎవరూ రాయరు. జార్ఖండ్‌లో ఆశా కార్యకర్తని సహియా అంటారు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డని 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికొచ్చి తూచి, జ్వరం చూసి వెళ్లాలి. మంచి ఏర్పాటే. సీ షిఫ్టు మాత్రం ఆమె చెయ్యలేదు కదా.

కాబట్టి ఆసుపత్రులకి ఈ ముసలాడి మాట: డిశ్చార్జి కాగితం మీద మందులతోపాటు ముగ్గురి పేర్లు రాయండి. ఆ ముగ్గురికీ ట్యూబు పాలు పట్టడం, ఊపిరి ఆగితే ఏం చెయ్యాలో నేర్పి, చేయించి చూసి, అప్పుడు పంపండి. చుట్టాలకి: మిఠాయి వద్దు, క్యారియరు నిండా అన్నం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టండి, ఉతికే గుడ్డలు పట్టుకెళ్లండి. జలుబుంటే అదీ వద్దు.

మా ఇంట్లో చార్టు నేనే రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఏ షిఫ్టు కోడలిది, బీ మా ఆవిడది, సీ నాదీ అబ్బాయిదీ. పొద్దున్న ఆరు లోపల ఫోన్ చేసి "బాబెలా ఉన్నాడు" అని అడిగితే తిట్టి పెట్టేస్తాను. డ్యూటీలో ఉన్నాను.