ఏడున్నర వేల గీత

మా బావగారిది కేంద్ర ప్రభుత్వోద్యోగం. ఎల్టీసీ పెట్టి శ్రీనగర్ దాకా విమానంలో వెళ్తారు. దిగీ దిగగానే చవక లాడ్జి ఎక్కడుందని ఆరా తీస్తారు. అక్కయ్య దీన్ని పిసినారితనం అంటుంది గానీ పాపం, ఆయన తప్పేం లేదు. ఎల్టీసీ టికెట్టు డబ్బులిస్తుంది, గది అద్దె ఇవ్వదు. సర్కారు సొమ్ము ఉన్నంతవరకూ మబ్బుల్లో తేలి, సొంత సొమ్ము మొదలవగానే నేలకు దిగుతారాయన.

కాబట్టి జీతం చూసి హోటలు చెప్పేయలేం. బిల్లు ఎవరి జేబులోంచి అన్నది మొదటి ప్రశ్న. ఇంట్లో లేనిదేమిటన్నది రెండోది.

మా కారు డ్రైవరుది రేకుల ఇల్లు. పెళ్లిరోజుకి భార్యాపిల్లల్ని విశాఖ తీసుకెళ్లి, బీచ్ రోడ్డులో ఏసీ గది తీసుకున్నాడు. రాత్రంతా ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, నలుగురూ దుప్పట్లు ముసుగుతన్ని పడుకున్నారట. ‘సముద్రం చూశారా?’ అంటే ‘కిటికీలోంచి కనిపించింది సార్, బయటంతా ఉక్కగా ఉందని వెళ్లలేదు’ అన్నాడు. పెట్టిన ప్రతి రూపాయీ వసూలు చేసుకున్న యాత్రికుడంటే అతనే.

మధ్యతరగతివాళ్లం, మాకు గది కంటే జీఎస్టీ ముఖ్యం. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా గదికి పన్ను 5 శాతం, అది దాటితే 18. అంటే 7,500 గదికి 375 కట్టేవాడు, 7,600 గదికి 1,368 కట్టాలి. వంద రూపాయలు ఎక్కువ పెట్టి కొండ కనిపించే గది తీసుకుందామంటే, ఆ కొండ వెయ్యి చిల్లరకి తేలుతుంది! అందుకే కార్ పార్కింగ్ వైపు గదిలో దిగి, లోటంతా ఉచిత టిఫిన్ దగ్గర పూడ్చుకుంటాం. బఫే మూసే పావుగంట ముందు వెళ్లాలి. ఇడ్లీ, పూరీ, ఆమ్లెట్, పేరు తెలియని ఆ పాల గింజలు అన్నీ పట్టిస్తే మధ్యాహ్నం భోజనం ఖర్చుండదు. ఒకామె ఉడికిన గుడ్లు టిష్యూలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటుంటే చూసి మా ఆవిడ ముక్కున వేలేసుకుంది. తర్వాత మా బ్యాగులో అరటిపళ్లు కనిపించాయి.

ఇక మా పెదనాన్నగారబ్బాయి. నర్సింగ్ హోమ్ ఉంది, ఇంట్లో ప్రతి గదికీ ఏసీ. చిన్నప్పుడు తాతగారి మట్టిల్లంటే ఏడ్చి గోలపెట్టి వచ్చేవాడు. వాడిప్పుడు అరకు దగ్గర మట్టిగోడల కాటేజీలో దిగుతాడు. టీవీ లేదు, సిగ్నల్ లేదు, లాంతరు ఉంది. రాత్రికి 14,000, పన్ను అదనం. మొన్న అర్ధరాత్రి రిసెప్షన్‌కి పరుగెత్తాడట, గోడమీద బల్లి ఉందని.

‘ఉంటుంది సార్,’ అన్నాడట కుర్రాడు, ‘ప్యాకేజీలోదే.’